తలరాత కాదు, చేతిరాత

డాక్టరు రాసింది మందుల షాపు అబ్బాయికి తప్ప ఆ బ్రహ్మక్కూడా అర్థం కాదని మనం నవ్వుకుంటూ ఉంటాం. కోడి కెలికినట్టున్న ఆ రాత మీద ఎన్ని జోకులు, ఎన్ని కార్టూన్లు! నాకు మాత్రం ఈమధ్య వాటికి నవ్వు రావడం లేదు. నా దృష్టిలో రాత కూడా వైద్యంలో భాగమే. రాత తప్పితే మంచి మందే విషమవుతుంది.

కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ సంగతే చూడండి. ఆ జబ్బుకి దాన్ని వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. మన ఇళ్లలో మాత్ర అంటే రోజూ వేసుకునేదే కదా. చీటీ మీద 'వారానికి' అన్న ఒక్క మాట సరిగ్గా కనపడకపోతే, పెద్దావిడ దాన్ని కూడా బీపీ బిళ్లతో పాటు రోజూ మింగేస్తుంది. అలా మింగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు. ఇన్సులిన్ దగ్గర ఇంకో తంటా. 'యూనిట్లు' అని పూర్తిగా రాయకుండా అంకె పక్కన ఇంగ్లిషు 'యు' ఒక్కటే గీస్తే, అది సున్నాలా కనపడుతుంది. అప్పుడు 4 కాస్తా 40 అవుతుంది.

చదువులేనివాళ్లకే ఇలా జరుగుతుందనుకుంటే పొరపాటు. అమెరికాలో బెట్సీ లేమన్ అనే ఆవిడ బోస్టన్ గ్లోబ్ పత్రికలో ఆరోగ్యం గురించి రాసేది. రొమ్ము క్యాన్సర్‌కి డేనా-ఫార్బర్ అనే పేరున్న ఆస్పత్రిలో చేరింది. ఆవిడ భర్త అక్కడే శాస్త్రవేత్త. నాలుగు రోజులకు కలిపి ఇవ్వాల్సిన కీమో మోతాదుని రోజుకంత చొప్పున నాలుగు రోజులూ ఇచ్చారు. 1994 డిసెంబరులో, 39 ఏళ్లకే ఆవిడ చనిపోయింది. తప్పు జరిగిందని తెలిసింది కూడా తర్వాతి ఏడాది రికార్డులు సరిచూస్తున్నప్పుడే. అంతమంది చదువుకున్నవాళ్ల చేతులు మారిన కాగితంలోనే అలా జరిగితే, మనబోటివాళ్ల సంగతేమిటి?

ఇలాంటివి విన్నప్పుడు మనం ముందుగా సిస్టర్ మీద పడతాం. నాకది న్యాయం అనిపించదు. వార్డు నిండా పేషెంట్లు, ఒక పక్క ఫోన్లో డాక్టరు చెప్పే మందులు, ఇంకో పక్క బంధువుల కేకలు. ఫోన్లో విన్నది రాసుకుని, తిరిగి చదివి వినిపించి, అవునంటేనే ఇవ్వాలన్న పద్ధతి ఆస్పత్రి పెట్టాలి. దానికి తీరిక ఉండేంతమంది సిస్టర్లనూ పెట్టాలి.

కంప్యూటర్లు వచ్చాయి కదా, ఇంక గొడవేముందని అంటారు కొందరు. రాత అందంగా వస్తుంది, నిజమే. కానీ పేర్ల జాబితాలో పై మందు బదులు కింది మందు నొక్కితే ఆ తప్పు కూడా అచ్చులో అందంగానే వస్తుంది.

పోయినేడు మా అత్తగారిని ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం అచ్చులోనే ఉంది. అందులో కొత్త బీపీ మాత్ర ఉంది. పాత అట్టనీ కొత్త అట్టనీ పక్కపక్కన పెట్టి చూస్తే, కంపెనీ పేర్లు వేరు. కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు మాత్రం రెండింటికీ ఒకటే, ఆమ్లోడిపిన్. పాతది ఆపమని ఎక్కడా రాయలేదు. అడిగితే డ్యూటీ డాక్టరు "పాతది మానేయండమ్మా" అన్నాడు. ఆ మాట కాగితం మీద ఎందుకు లేదు?

నియమాలు లేక కాదు. మందుల పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో, కంపెనీ పేరుతో కాక అసలు పేరుతో రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లోనే చెప్పింది. పేషెంటు అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని కూడా 2002 నాటి నిబంధనల్లోనే ఉంది. చదవగలిగే చీటీ పొందడం పౌరుల ప్రాథమిక హక్కు అని 2025లో పంజాబ్, హర్యానా హైకోర్టు తీర్పిచ్చింది.

నేను ఇంకో మెట్టు పైకెక్కి అడుగుతాను. ఆ కాగితం తెలుగులో ఎందుకుండకూడదు? బస్సు బోర్డు తెలుగులో ఉంటుంది, సినిమా పోస్టరు తెలుగులో ఉంటుంది. ప్రాణం నిలబెట్టే కాగితం మాత్రం ఓడీ, బీడీ, టీడీఎస్ అంటుంది. బీడీ అంటే కాల్చేది కాదనీ రోజుకి రెండుసార్లనీ మా అత్తగారికి ఎవరు చెప్పాలి? కోడలో కూతురో పక్కన లేని ఇళ్ల సంగతేమిటి?

డాక్టర్లకి తీరిక లేదంటారు. నేనడిగేది గ్రంథం కాదు, ఒక చిన్న పట్టిక. మందు పేరు, దేనికి, పొద్దున్నా మధ్యాహ్నమా రాత్రా, తిండికి ముందా తర్వాతా, ఎన్ని రోజులు, పాతవాటిలో ఏవి ఆపాలి. అంతే. ఇల్లు చేరాక మందులిచ్చేది మనమే, సిస్టర్ డ్యూటీ మన మీద పడ్డట్టే. ఆ డ్యూటీ చేసేవాళ్లకి అర్థమయ్యే భాషలో రాసివ్వమనడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

అది వచ్చేదాకా అడగడానికి మొహమాటపడకండి. ఇంట్లో వాడుతున్న అట్టలన్నీ సంచిలో వేసుకెళ్లి, "ఇందులో ఏవి ఉంచాలి, ఏవి తీసెయ్యాలి, రాసివ్వండి" అని అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఏదైనా జరిగితే తలరాత అని సరిపెట్టుకోవడం మనకి అలవాటు. కానీ ఇది మనిషి చేత్తో రాసిన రాత, దిద్దించుకోవచ్చు.

మీ ఊళ్లో తెలుగులో రాసిచ్చే డాక్టరుగారెవరైనా ఉంటే, ఆయనకి నా నమస్కారం చెప్పండి.