అమ్మభాష అంటే అమ్మ నేరమా?

ఒక భాష చనిపోతోందనగానే అందరి చూపులూ అమ్మవైపే తిరుగుతాయి. పిల్లలతో మాట్లాడాల్సింది తనే కదా అంటారు. 'మాతృభాష' అనే ముద్దుపేరు వెనక ఈ నింద పొంచి ఉంటుంది.

తైవాన్‌కి ఆగ్నేయాన లాన్యు అనే చిన్న ద్వీపం ఉంది. అక్కడి తావ్ ప్రజలు దాన్ని 'పొంగ్సో నో తావ్', అంటే మనుషుల ద్వీపం అంటారు. వాళ్ళది ఆస్ట్రోనేషియన్ భాష. దాని దగ్గరి చుట్టాలు దక్షిణాన ఫిలిప్పీన్స్‌లోని బటానెస్ దీవుల్లో ఉన్నాయి.

ఈ భాష నోరు నొక్కింది తల్లులా? రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బడిలో మాండరిన్ తప్ప మరో మాట వినపడకూడదంది రాజ్యం. సొంత భాష మాట్లాడిన పిల్లల్ని శిక్షించింది.

తావ్‌లలో తొలి బిడ్డ పుట్టాక తల్లి 'సినాన్', తండ్రి 'స్యామాన్' అన్న మాటకి బిడ్డ పేరు చేర్చుకుంటారు. మన దగ్గర ఆడది ఒక్కతే 'ఫలానా వాళ్ళమ్మ'గా మిగిలిపోతుంది. అక్కడ మగవాడి పేరూ మారుతుంది. అలాంటి పేర్ల స్థానంలో చైనీస్ పేర్లు రాయించిందీ రాజ్యమే. సొంత పేరు తిరిగి నమోదు చేసుకునే హక్కు 1995లో గానీ రాలేదు. 1982 నుంచి 1996 దాకా దాదాపు లక్ష పీపాల అణువ్యర్థాలు ఆ నేలమీద దించారు. 1988 నుంచీ జనం వీధుల్లోకొచ్చి అడుగుతున్నా అవి కదల్లేదు.

తీరా 2017లో చట్టం చేసి ఆదివాసీ భాషల్ని జాతీయ భాషలన్నారు. మంచిదే. కానీ ఏ భాషని కాపాడతారు? లాన్యు అనగానే లోకానికి గుర్తొచ్చేవి మగవాళ్ళ పడవలు, ఎగిరే చేపల వేట. కొత్త పడవని నీళ్ళలోకి దించే పండగనాడు దాన్ని నిండా కప్పేవి మాత్రం చేమదుంపలు. ఆడవాళ్ళు నడుం వంచి, నీటిమడుల్లో ఏళ్ళ తరబడి పెంచిన దుంపలు. నాటు, కలుపు, తవ్వకం, నేత - ఈ పనుల మాటలు నిఘంటువులో చేరినంత మాత్రాన బతకవు. మడి ఉండాలి, మడిలోకి దిగే మనవరాలు ఉండాలి, దిగిన నేల విషమన్న భయం లేకుండా ఉండాలి.

భాషని మింగినవాళ్ళే దాన్ని బతికించే చాకిరీ మళ్ళీ ఆడవాళ్ళ నెత్తిన పెడుతున్నారు. జీతం లేని ఈ టీచరు ఉద్యోగాన్ని 'తల్లి ప్రేమ' అని పొగిడితే మనం మురిసిపోవద్దు. ముందు ఆ పీపాలు తియ్యమనండి. ఆ తర్వాత అమ్మతో మాట్లాడొచ్చు.