నర్సింగ్ హోమ్‌లో మన పెద్దలు: నిమిషాలు లెక్కపెట్టేది ఎవరు?



కిందటేడు అమెరికాలోని ఒక తెలుగు సంఘం కూటాలలో వాక్యం చెప్పడానికి వెళ్లాను. ఆరాధన అయ్యాక ఒక కుటుంబం నన్ను పక్కకు పిలిచింది. "అయ్యగారూ, మా అమ్మ దగ్గరకు వచ్చి ప్రార్థన చేస్తారా? కానీ ఈ సంగతి సంఘంలో ఎవరికీ తెలియదు" అన్నాడు కొడుకు. ఎవరికీ తెలియకూడని సంగతి ఇదే: ఆమెను నర్సింగ్ హోమ్‌లో పెట్టారు.

80 ఏళ్లు దాటిన తల్లి. ఒంగోలు ప్రాంతం ఆమెది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక అక్కడ చేర్చారు. గది శుభ్రంగానే ఉంది. మంచం పక్కన బల్ల మీద గ్లాసు నిండా నీళ్లు అలాగే ఉన్నాయి. తాగమంటే వద్దన్నారు. కోడలు బయటికి వెళ్లాక నెమ్మదిగా చెప్పారు: "మధ్యాహ్నం దాటాక నీళ్లు తాగనయ్యా. తాగితే రాత్రి బాత్రూంకి లేపమని బెల్లు కొట్టాలి. ఆ పిల్ల ఒక్కతే. ఎంతమందికని వస్తుంది?"

ఆమె ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. పైగా ఆ పిల్లను చూసి జాలిపడ్డారు. కానీ ఆ వయసులో నీళ్లు తగ్గిస్తే ఏమవుతుందో నర్సులకు బాగా తెలుసు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మతి తడబడటం, కళ్లు తిరిగి పడటం, మళ్లీ ఆసుపత్రి. ఒక మనిషి తక్కువైనందుకు ఒక తల్లి దాహాన్ని చంపుకుంటోంది. వృద్ధుల సంరక్షణలో నాణ్యత గురించి అమెరికాలో ఏళ్లుగా సాగుతున్న వాదన అంతా ఆ గ్లాసు దగ్గరే ఉంది.

అసలు ఇది ఎలాంటి చోటు?

మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే కాన్పులు, చిన్న ఆపరేషన్లు చేసే ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ ఆ మాటకు అర్థం వేరు. ప్రభుత్వ కాగితాల్లో దాన్ని స్కిల్డ్ నర్సింగ్ ఫెసిలిటీ అంటారు. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయినా ఇంటికి వెళ్లే స్థితిలో లేనివారికి కొన్ని వారాలు నర్సింగ్, ఫిజియోథెరపీ ఇవ్వడం దాని పని. చాలా చోట్ల అదే భవనంలో, మతిమరుపు జబ్బు వల్లనో పక్షవాతం వల్లనో ఇక ఇంటికి వెళ్లలేనివారు ఏళ్ల తరబడి ఉంటారు. దేశమంతటా ఇలాంటి కేంద్రాలు సుమారు 15,000 ఉన్నాయి. వాటిలో ఉంటున్నవారు 12 లక్షల పైమాటే.

డబ్బు విషయంలో మనవాళ్లు చాలామంది పొరబడుతున్నారు. ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ చివరిదాకా ఖర్చు భరిస్తుందనుకుంటారు. సాధారణ మెడికేర్‌లో అయితే ముందు కనీసం 3 రోజులు ఆసుపత్రిలో ఇన్‌పేషెంటుగా ఉండాలి. ఆ తరువాత నర్సింగ్ హోమ్‌లో మొదటి 20 రోజులు పూర్తిగా ఇస్తుంది. 21వ రోజు నుంచి 100వ రోజు దాకా రోజుకు కొంత మనం కట్టాలి. 100 రోజుల తరువాత ఏమీ రాదు. అప్పుడిక సొంత డబ్బు, అది అయిపోతే పేదల కోసం ఉన్న మెడికెయిడ్. ఈ కేంద్రాల్లో ఉన్న ప్రతి ఐదుగురిలో ముగ్గురి ఖర్చు మెడికెయిడే భరిస్తోంది. గ్రీన్ కార్డు మీద వెళ్లిన 65 ఏళ్లు దాటిన తల్లిదండ్రులు, అక్కడ పని చేసిన చరిత్ర లేకపోతే, వరుసగా ఐదేళ్లు నివసించాకే ప్రీమియం కట్టి మెడికేర్ కొనుక్కోగలరు. అమ్మానాన్నలను పిలిపించుకునేవారు ఈ లెక్కలు ముందే తెలుసుకోవాలి.

నిమిషాల లెక్క

1987లో అమెరికా ప్రభుత్వం నర్సింగ్ హోమ్ సంస్కరణల చట్టం తెచ్చింది. మనుషులను మంచానికి కట్టేయడం, మత్తుమందులతో నోరు మూయించడం వంటివి అరికట్టి, ప్రతి నివాసికీ హక్కులు ఇచ్చిన చట్టం అది. రోజుకు 8 గంటలు ఒక రిజిస్టర్డ్ నర్సు, 24 గంటలూ ఏదో ఒక లైసెన్సు ఉన్న నర్సు ఉండాలంది. మిగతా సిబ్బంది సంగతి "తగినంత" అని వదిలేసింది. తగినంత అంటే ఎంత? అది యజమాని లెక్కకే మిగిలిపోయింది.

కరోనా వచ్చినప్పుడు ఆ లెక్క బయటపడింది. 2020 ఫిబ్రవరిలో వాషింగ్టన్ రాష్ట్రం కిర్క్‌లాండ్‌లోని ఒక నర్సింగ్ హోమ్‌లో మొదలైన మరణాలు, రెండేళ్లు తిరిగేసరికి దేశంలోని వృద్ధుల సంరక్షణ కేంద్రాలన్నిటిలో, సిబ్బందితో కలిపి, 2 లక్షలు దాటాయి. ఆ దెబ్బకు 2024లో ప్రభుత్వం మొదటిసారి ఒక అంకె పెట్టింది. ఒక్కో నివాసికి రోజుకు మొత్తం 3.48 గంటల నర్సింగ్ సేవ అందాలి. అందులో రిజిస్టర్డ్ నర్సు సమయం 0.55 గంట, అంటే 33 నిమిషాలు. లేపి కూర్చోబెట్టి, స్నానం చేయించి, తినిపించి, పక్క మార్చే నర్స్ ఎయిడ్ సమయం 2.45 గంటలు. 24 గంటలూ రిజిస్టర్డ్ నర్సు ఉండాలి.

2.45 గంటలంటే, రాత్రీ పగలూ కలిపి సగటున పదిమందికి ఒక ఎయిడ్. ఇదేమీ విలాసం కాదు. ఒకే ఎయిడ్ చేతిలో 14 మంది ఉంటే 8 గంటల డ్యూటీలో ఒక్కొక్కరికి 35 నిమిషాలు కూడా రావు. అందులోనే స్నానం, బట్టలు, తిండి, బాత్రూం. కదలలేని మనిషిని రెండేసి గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే వీపుకు పుండ్లు పడతాయి. ఆ పుండు ఎముక దాకా వెళ్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆ తిప్పడానికి పట్టేది కొద్ది నిమిషాలే. ఆ నిమిషాలు ఉన్నాయా లేవా అన్నదే నాణ్యత.

ఆ అంకె నిలవలేదు. 2025 ఏప్రిల్‌లో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు, చట్టంలో 8 గంటలని ఉండగా 24 గంటలనడానికి శాఖకు అధికారం లేదని, ఆ నిబంధనలను కొట్టేసింది. జూలైలో వచ్చిన కొత్త పన్నులు, ఖర్చుల చట్టం వాటి అమలును 2034 దాకా ఆపేసింది. డిసెంబరులో శాఖే వాటిని వెనక్కు తీసుకుంది. మళ్లీ "తగినంత" దగ్గరికే వచ్చాం.

యజమానుల వాదన కూడా వినాలి. ఐదింట నాలుగు కేంద్రాలు అదనంగా మనుషులను తీసుకోవలసి వచ్చేది. పదేళ్లలో 4,300 కోట్ల డాలర్ల ఖర్చని ప్రభుత్వమే అంచనా కట్టింది. మెడికెయిడ్ ఇచ్చేది చాలదు, పల్లెల్లో నర్సులు దొరకరు, మూసేయడమే గతి అన్నారు. ఇందులో నిజముంది. అయితే కొన్ని కంపెనీలు అద్దె అని, మేనేజ్‌మెంట్ ఫీజు అని తమకే చెందిన వేరే కంపెనీలకు డబ్బు మళ్లించి, చివరికి నష్టం చూపిస్తాయన్నదీ నిజమే. ప్రైవేట్ ఈక్విటీ సంస్థలు కొన్న నర్సింగ్ హోమ్‌లలో కొద్దికాలం కోసం చేరిన మెడికేర్ రోగుల మరణాలు సుమారు 10 శాతం ఎక్కువని 2021లో ఆర్థికవేత్తల పరిశోధన ఒకటి చూపింది. డబ్బు లేదన్న మాటను ఖాతాలు చూడకుండా నమ్మలేం.

ఈ మధ్యలో నలిగేది ఎయిడ్. ఆ పనిలో ఉన్నవారిలో చాలామంది వలస వచ్చినవారే. తక్కువ జీతం, విరిగే నడుము. ఏడాదిలో సిబ్బందిలో సగం దాకా మారిపోయే కేంద్రాలు ఎన్నో. నిన్న అమ్మ అలవాట్లు నేర్చుకున్న పిల్ల రేపు ఉండదు.

సంఘం చేయవలసింది

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మనకు కంఠస్థమే. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ పంపకంలో లోటు జరుగుతోందని సణుగు పుట్టింది. భాష వేరు గనుక వారి ఆకలి పెద్దల చెవిన పడలేదు. అపొస్తలులు ఆ సణిగినవారిని గద్దించలేదు. ప్రార్థించి ఊరుకోనూ లేదు. మనుషులు చాలడం లేదని గ్రహించి ఏడుగురిని నియమించారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. ఎవరి కష్టమో వారి భాష తెలిసినవారికే బాధ్యత అప్పగించారు. ఇంగ్లీషు రాని మన తల్లి బెల్లు కొట్టడం మానేసిన గదికి ఈ వాక్యం సూటిగా వర్తిస్తుంది.

ఇక్కడ నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. మార్కు 7లోని కొర్బాను మాట తీసుకుని, తల్లిదండ్రులను హోముల్లో "పడేసే" పిల్లల మీద నేనూ నిప్పులు కురిపించాను. నిర్లక్ష్యం చేసేవారు లేరని కాదు. కానీ తుంటి విరిగిన తల్లిని ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో ఒంటరిగా వదలడం కూడా ప్రేమ కాదు. మా ప్రసంగాల వల్ల జరిగిందేమిటంటే, కుటుంబాలు సిగ్గుపడి దాచుకున్నాయి. దాచినందుకు సంఘం వెళ్లలేదు. ఎవరూ రాని గది ఏదో సిబ్బందికి తెలుసు. చేతులు తక్కువైనప్పుడు ముందు ఆలస్యమయ్యేది ఆ గదికే. అంటే మా ప్రసంగం ఆ తల్లి నిమిషాలు తగ్గించింది. కాపరులారా, మొదట ఆ సిగ్గును తీసేద్దాం. ఆసుపత్రిలో ఉన్నవారి కోసం ప్రార్థించినట్టే, నర్సింగ్ హోమ్‌లో ఉన్నవారి కోసం కుటుంబం అనుమతితో పేరు పెట్టి ప్రార్థిద్దాం.

తరువాత, వెళ్దాం. క్రిస్మస్‌కు పాటలు పాడి కేకు పంచడం మంచిదే గాని అది చాలదు. వంతులు వేసుకుని ఆదివారం సాయంత్రం, భోజనాల వేళ వెళ్లాలి. వారాంతంలో సిబ్బంది తగ్గడం ఎంత మామూలంటే, 2022 నుంచి ప్రభుత్వం ఇచ్చే ఐదు నక్షత్రాల రేటింగులో శని, ఆదివారాల సిబ్బందిని కూడా లెక్కిస్తున్నారు. వెళ్లినవారు కళ్లు తెరిచి చూడాలి. నీళ్లు అందే చోట ఉన్నాయా? బెల్లు చేతికి అందుతోందా? ప్లేటు ముట్టకుండా తిరిగి వెళ్తోందా? మడమలు, వీపు ఎలా ఉన్నాయని కుటుంబం అడిగిందా?

అడిగే హక్కు కూడా ఉంది. చివరి తనిఖీ రిపోర్టును అందరికీ కనబడే చోట ఉంచాలని చట్టం. అది అడిగి చదవాలి. నక్షత్రాలను మాత్రమే నమ్మకూడదు, వాటిలో కొంత భాగం కేంద్రమే ఇచ్చుకున్న వివరాల మీద ఆధారపడింది. సంరక్షణ ప్రణాళిక సమావేశంలో కుటుంబం కూర్చోవచ్చు. తనకు అర్థమయ్యే భాషలో తన వైద్యం గురించి వినడం నివాసి హక్కు. ఆహారంలో మతం, సంస్కృతి, అలవాట్లను పట్టించుకునే ప్రయత్నం చేయాలి. కుటుంబాలు కలిసి ఒక కౌన్సిల్‌గా ఏర్పడవచ్చు. చెప్పినా వినకపోతే ప్రతి రాష్ట్రంలోనూ ఆంబుడ్స్‌మన్ ఉన్నారు. వారి సేవ ఉచితం. ఇవన్నీ ఇంగ్లీషు ధారాళంగా వచ్చిన యువకులు సంఘానికి చేయగల పరిచర్య. ఫిర్యాదు చేసేటప్పుడు కూడా ఎయిడ్‌ను శత్రువుగా చూడకండి. ఆమె పేరు తెలుసుకోండి, కృతజ్ఞత చెప్పండి. ఆమెకు ఇంకో మనిషి తోడు కావాలని యాజమాన్యాన్ని అడగండి.

ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్న చదువరులు ఇది దూరదేశపు గొడవ అనుకోవద్దు. పిల్లలు విదేశాల్లో ఉండగా మన పట్టణాల్లోని వృద్ధాశ్రమాల్లో, ఏజెన్సీలు పంపే కేర్‌టేకర్ల చేతుల్లో ఎందరో తల్లిదండ్రులున్నారు. 2007 నాటి చట్టం తల్లిదండ్రుల పోషణ పిల్లల బాధ్యత అంది. మంచంలో ఉన్న మనిషికి రోజుకు ఎన్ని నిమిషాల సేవ అందాలో మాత్రం అది చెప్పలేదు. అమెరికాలో ఒక అంకె పెట్టి తీసేశారు. మన దగ్గర ఆ మాటే ఇంకా మొదలు కాలేదు. ఇక్కడి సంఘాలకూ అదే పని ఉంది: వెళ్లడం, చూడటం, అడగడం.

ఆ రోజు ప్రార్థన అయ్యాక కొడుకుతో నీళ్ల సంగతి చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తల్లి అనుమతి తీసుకుని, మరుసటి ఆదివారం సంఘంలో నిలబడి ఆమె ఎక్కడుందో అతనే చెప్పాడట. ఇప్పుడు వారంలో నాలుగు సాయంత్రాలు సంఘంవారు ఎవరో ఒకరు వెళ్తున్నారు. రాత్రి డ్యూటీలో మనుషులు పెరగలేదు. దాని మీద కుటుంబం ఇంకా పోరాడుతోంది. కానీ ఎవరైనా పక్కన కూర్చున్న సాయంత్రాల్లో ఆమె నీళ్లు తాగుతున్నారని మొన్న ఫోనులో చెప్పాడు.

మీ సంఘంలో ఈ వారం ఎవరూ వెళ్లని గది ఎవరిది? ఆ ప్రశ్నతో ఈ ఆదివారం ఆరాధనకు వెళ్దాం.