చుట్టూ నిలబడ్డ మనం

నేను తొమ్మిదో తరగతిలో చూసిన గొడవ ఒక బల్ల దగ్గర మొదలైంది. సూరత్‌కు రాకముందు, నాన్నగారు ఆంధ్రాలో ఒక ఊళ్లో పనిచేస్తున్నప్పటి సంగతి ఇది. కిటికీ పక్క బల్ల నాదని ఒకడు, నిన్నటి నుంచి నేనే కూర్చుంటున్నానని ఇంకొకడు. అది అక్కడే ఆరిపోవాల్సింది. కానీ ఎవరో "బడి వదిలాక సైకిల్ స్టాండ్ దగ్గర తేల్చుకోండి" అన్నారు. సాయంత్రానికి అక్కడ ముప్ఫై మందిమి చేరాం. వాళ్లిద్దరూ చాలాసేపు తోసుకుంటూ, మాటలతోనే కాలం గడిపారు. అప్పుడు వెనకనుంచి "గాజులు తొడుక్కున్నావేంట్రా?" అని ఒక కేక వినిపించింది. అందరం నవ్వాం. అర నిమిషంలో ఒకడి చేతిలోకి కంపాస్ వచ్చింది, ఇంకొకడి కనుబొమ్మ మీద నెత్తురు. నాలుగు కుట్లు పడ్డాయి. కన్ను వెంట్రుకవాసిలో తప్పింది.

ఆ కేక వేసింది నేను కాదు. నవ్వినవాళ్లలో మాత్రం నేనూ ఉన్నాను. ఆ బడిలో చేరి అప్పటికి మూడు నెలలే. నలుగురితో కలిసి నవ్వితే నలుగురిలో ఒకణ్ణి అవుతాననుకున్నాను. రెండు మూడేళ్లకోసారి ఊరు మారే మీకు ఈ ఆత్రం గురించి వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత వాళ్లిద్దరితో విడివిడిగా మాట్లాడాను. ఇద్దరూ ఒకటే చెప్పారు. కొట్టుకోవాలని లేదట. అంతమంది చూస్తుంటే వెనక్కి ఎలా వెళ్లాలో తెలియలేదట.

అందుకే మగపిల్లల కొట్లాటలకు సినిమాలే కారణమని పెద్దవాళ్లు అంటే నేను సగమే ఒప్పుకుంటాను. తొడగొట్టే హీరోల సినిమాలు మా అక్క కూడా చూసింది. ఆమె ఎవరినీ కంపాస్‌తో పొడవలేదు. పరువు పోతుందన్న భయమే అసలు కారణమని నాకనిపిస్తుంది. ఆ భయం చూసే జనాన్ని బట్టి పెరుగుతుంది.

2005లో అమెరికాలో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టీన్‌బర్గ్ అనే పరిశోధకులు కొందరి చేత కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించి, ఆ ఫలితాలు ప్రచురించారు. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు ఒంటరిగా ఉన్నప్పటికంటే స్నేహితులు పక్కన ఉన్నప్పుడు చాలా ఎక్కువగా తెగించారు. 24 ఏళ్లు దాటినవారిలో ఆ తేడా దాదాపు లేదు. మన సూరత్‌లోనే 2025 ఫిబ్రవరిలో కొందరు పన్నెండో తరగతి విద్యార్థులు వీడ్కోలు సభకు ఖరీదైన కార్ల వరుసలో, స్టంట్లు చేస్తూ వెళ్లారు. విషయం పోలీసుల దాకా వెళ్లింది. వీడియో తీసేవాళ్లు లేకపోతే ఆ ఊరేగింపు ఉండేదా?

అదే ఏడాది ఆగస్టులో అహ్మదాబాద్‌లో ఒక పదో తరగతి విద్యార్థిని తోటి విద్యార్థి పొడిచాడు. ఆ అబ్బాయి చనిపోయాడు. ఆ తర్వాత పెద్దల గుంపు బడిలోకి చొరబడి సామాన్లు పగలగొట్టింది, సిబ్బందిపై చేయి చేసుకుంది. వాళ్ల దుఃఖం నాకు అర్థమవుతుంది. కానీ ఆ రోజు టీవీ ముందు కూర్చున్న మగపిల్లలు దాన్నుంచి ఏం నేర్చుకుని ఉంటారు?

16 ఏళ్లు నిండినవాడు ఘోరమైన నేరం చేస్తే పెద్దవాళ్లలాగే విచారించే వీలు 2015 నాటి బాల న్యాయ చట్టంలో ఉంది. సైకిల్ స్టాండ్ దగ్గర ఆ చట్టం ఎవరికీ గుర్తు రాదు. బడి నుంచి పంపేయడం కూడా నాకు నచ్చదు. గొడవపడేవాడికి టీసీ ఇచ్చేస్తే గొడవ ఇంకో బడికి బదిలీ అవుతుంది, అంతే. దానికంటే, కొత్తగా చేరినవాడికి మొదటి నెల పాటు తోడుగా ఒక విద్యార్థిని అప్పగించమని అడుగుతాను. బడి వదిలే వేళ సైకిల్ స్టాండ్ దగ్గర, కుళాయిల దగ్గర ఒక టీచర్‌గారు ఉంటే చాలా గొడవలు మొదలే కావు. ఇంట్లో "దెబ్బ తిని వచ్చావా, సిగ్గులేదూ?" అనడం కూడా మానాలి.

మిగిలింది మన వంతు. టొరంటోలో బడి ఆటస్థలాల్లో చిన్నపిల్లలు ఒకరినొకరు వేధించుకోవడాన్ని గమనించిన ఒక అధ్యయనం 2001లో వచ్చింది. చుట్టూ పిల్లలు దాదాపు ఎప్పుడూ ఉన్నారు, అడ్డుపడింది మాత్రం అయిదింట ఒక వంతు సార్లు కూడా కాదు. అడ్డుపడినప్పుడు సగానికి పైగా గొడవలు పది సెకన్లలో ఆగిపోయాయి.

అడ్డుపడటమంటే మధ్యలో దూరి దెబ్బలు తినడం కాదు. కత్తిలాంటిది కనబడితే పరుగున వెళ్లి టీచర్‌గారిని పిలవడమే సరైన పని. మామూలు తోపులాటకు మాత్రం ఒక సాకు చాలు. పోయిన నెల మా బడి గేటు దగ్గర ఇద్దరు తొమ్మిదో తరగతి కుర్రాళ్లు కాలర్లు పట్టుకున్నారు, చుట్టూ వలయం కూడా తయారైంది. నేను ఒకడి బ్యాగు లాగి "అరే చల్, బస్ నికల్ జాయేగీ" అన్నాను. ఇద్దరూ ఒకేసారి చేతులు వదిలేశారు. వాళ్లలో ఒకడు సైకిల్ మీద ఇంటికి వెళ్లేవాడని నాకు తర్వాత తెలిసింది.