నియంతను దించిన పంతులుగారు

యుద్ధమెందుకు, ఇద్దరం బాక్సింగ్ రింగులోనే తేల్చుకుందాం. రిఫరీగా మహమ్మద్ అలీని పిలుద్దాం!
1978 చివర్లో ఉగాండా అధ్యక్షుడు ఇడీ అమీన్ పొరుగుదేశం టాంజానియా అధ్యక్షుడికి విసిరిన సవాలు ఇది. అమీన్ ఒకప్పుడు ఉగాండా లైట్ హెవీవెయిట్ ఛాంపియన్. ఆజానుబాహుడు. అవతలున్న జూలియస్ నైరేరే బక్కపలచని మనిషి. రాజకీయాల్లోకి రాకముందు బడిపంతులు. అందుకే టాంజానియా ప్రజలు ఆయన్ని 'మ్వాలిము' అని పిలుచుకునేవారు. స్వాహిలీలో ఆ మాటకు గురువు అని అర్థం.
ఆర్నెల్లు తిరక్కుండానే ఆ పంతులుగారి సైన్యం ఉగాండా రాజధానిలో అడుగుపెట్టింది. బాక్సింగ్ వీరుడు దేశం విడిచి పారిపోయాడు.

అమీన్ 1971 జనవరిలో సైనిక కుట్రతో గద్దెనెక్కాడు. 1972లో, 90 రోజుల్లో దేశం వదిలి పొమ్మంటూ ఆసియావాసుల్ని ఆదేశించాడు. వాళ్లలో ఎక్కువమంది తరాల కిందట అక్కడికి వలసెళ్లిన గుజరాతీలే. దుకాణాలూ ఇళ్లూ వదిలేసి వేల కుటుంబాలు కట్టుబట్టలతో బ్రిటన్‌కీ భారత్‌కీ ఇతర దేశాలకీ తరలిపోయాయి. ఉగాండా ప్రజల కష్టాలు ఇంతకన్నా ఘోరం. 1977లో ఆర్చిబిషప్ జనానీ లువుమ్‌నే చంపించిన ప్రభుత్వానికి సామాన్యుడొక లెక్కా! అమీన్ ఎనిమిదేళ్ల పాలనలో చనిపోయినవారు మూడు లక్షల దాకా ఉంటారన్నది తరచూ వినిపించే అంచనా.

ఇన్ని జరుగుతున్నా ఆఫ్రికా దేశాలు నోరు మెదపలేదు. ఒకరి ఇంటి వ్యవహారంలో మరొకరు తలదూర్చకూడదన్నది ఆఫ్రికా ఐక్యతా సంస్థ నియమం. పైగా 1975లో ఆ సంస్థ సదస్సు కంపాలాలోనే, అమీన్ ఆతిథ్యంలోనే జరిగింది. దానికి టాంజానియా వెళ్లలేదు. శ్వేతజాతి పాలకులు నల్లవారిని చంపితే మండిపడేవాళ్లు, నల్లవాడే చంపుతుంటే ఊరుకోవడమేంటన్నది నైరేరే వాదన.

1978 అక్టోబరులో అమీన్ సైన్యం సరిహద్దు దాటి కగేరా ప్రాంతాన్ని ఆక్రమించుకుంది. అది దాదాపు 1,800 చదరపు కిలోమీటర్ల నేల. అతణ్ని కొట్టడానికి మనకు కారణముంది, శక్తి ఉంది, సంకల్పమూ ఉందంటూ నైరేరే తన ప్రజలకు చెప్పారు. కొద్ది వారాల్లోనే శత్రువును సరిహద్దు అవతలికి తరిమేశారు.
అసలు ప్రశ్న అప్పుడొచ్చింది. అక్కడితో ఆగాలా, ముందుకెళ్లాలా?
నైరేరే ఆగలేదు. 1979 జనవరిలో టాంజానియా సైన్యం, ఉగాండా ప్రవాసుల దళాలు కలిసి ముందుకు కదిలాయి. అమీన్‌కు సాయంగా లిబియా నేత గడాఫీ పంపిన సైనికులూ వాళ్లను ఆపలేకపోయారు. ఏప్రిల్ 11న కంపాలా పడిపోయింది. జనం వీధుల్లోకొచ్చి పండగ చేసుకున్నారు.

మరి నైరేరేకి పూలదండలు పడ్డాయా? లేదు. ఆ ఏడాది జులైలో మన్రోవియాలో జరిగిన ఆఫ్రికా దేశాధినేతల సదస్సులో సూడాన్, నైజీరియా నేతలు ఆయన్ని తప్పుపట్టారు. ఇవాళ అమీన్ అయ్యాడు, రేపు మన వంతు రాదా అన్న భయమూ కొందరికి లేకపోలేదు. యుద్ధానికి 50 కోట్ల డాలర్లు ఖర్చయిందని అంచనా. అసలే పేద దేశం. చమురు ధరలు మండిపోతున్న కాలం. ఆ దెబ్బ నుంచి టాంజానియా ఏళ్ల తరబడి కోలుకోలేదు.

ఉగాండా కథా సుఖాంతం కాలేదు. అమీన్ తరవాత అధ్యక్షుడైన యూసుఫ్ లూలే 68 రోజులే ఉన్నాడు. ఆ వెనకొచ్చిన బినైసానూ దించేశారు. 1980 డిసెంబరు ఎన్నికల్లో నైరేరే పాత మిత్రుడు మిల్టన్ ఒబోటే గెలిచాడు. అవి దొంగ ఎన్నికలంటూ యోవేరి ముసెవెనీ అడవి బాట పట్టాడు. లువేరో ప్రాంతం రక్తసిక్తమైంది. ఒబోటే రెండో పాలనలోని మరణాలు అమీన్ కాలానికి తీసిపోవన్నవాళ్లూ ఉన్నారు. 1986లో అధికారం దక్కించుకున్న ముసెవెనీ సైతం ఆ కుర్చీని దశాబ్దాలపాటు వదల్లేదు. అధ్యక్ష పదవీకాలంపై ఉన్న పరిమితిని 2005లో తీసేశారు. వయోపరిమితి తొలగింపునకు 2017లో పార్లమెంటు ఓటేసింది.

అయినా చరిత్ర నైరేరే పట్ల మెత్తగానే ఉంది. కారణాలు లేకపోలేదు. మొదట దాడిచేసింది అమీన్. నైరేరే చూపిన కారణం కళ్లెదుటే ఉంది. ఇరాక్ విషయంలో బుష్, బ్లెయిర్‌లకు లేనిది అదే. సామూహిక జనహనన ఆయుధాలున్నాయంటూ 2003లో సద్దాంను కూల్చారు. ఆయుధాలు మాత్రం దొరకలేదు. 2016లో వచ్చిన చిల్కాట్ నివేదిక బ్లెయిర్ ప్రభుత్వాన్ని కడిగేసింది. 1979 జనవరిలో పోల్‌పాట్‌ను తరిమిన వియత్నాం పదేళ్లు కాంబోడియాలోనే ఉండిపోయింది. టాంజానియా సైన్యం 1981లోనే ఇంటిదారి పట్టింది.

అలాగని నైరేరే మచ్చలేని మనిషేం కాదు. ఆయన దేశంలోనూ ఒకే పార్టీ పాలన. లక్షలాది రైతుల్ని బలవంతంగా కొత్త ఊళ్లకు తరలించిన ఘనతా ఆయనదే. ఒబోటేను మళ్లీ గద్దెనెక్కించాలన్న పాత స్నేహమే ఆయన్ని కంపాలా దాకా నడిపించిందన్న విమర్శ ఎప్పటికీ పోలేదు. కానీ 1985లో ఆ మనిషే తనంతట తాను పదవి వదిలి సొంతూరు వెళ్లిపోయారు. నియంతను దించినవాడు తనూ దిగడం అరుదు. 1999లో ఆయన కన్నుమూశారు. నాలుగేళ్లకు, 2003 ఆగస్టులో, అమీన్ సౌదీ అరేబియాలో మంచంమీద పోయాడు. ఏ కోర్టు మెట్లూ ఎక్కకుండానే!

నైరేరే షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్' నాటకాన్ని స్వాహిలీలోకి అనువదించారు. అందులో సీజర్ చనిపోయేది మూడో అంకంలో. ఆ తరవాత ఇంకా రెండంకాలుంటాయి, నిండా అంతర్యుద్ధమే. నియంతలను కూల్చే నాయకులకు చరిత్ర మార్కులు వేసేది ఆ రెండంకాలు చూశాకే. పంతులుగారికి ఆ సంగతి అందరికన్నా ముందే తెలిసుండాలి.