పాత కంప్యూటరును పారవేయవలెనా?

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అని మన పెద్దలు ఏనాడో అన్నారు. ఈ మాట ఇతర విషయాలలో ఎంతవరకు నిజమో గాని, కంప్యూటర్ల విషయంలో మాత్రం అక్షరాలా నిజమగుచున్నది. యంత్రం కాస్త మందగించగానే "దీని పని అయిపోయినది, కొత్తది కొనవలసినదే" అనే తీర్పు వెలువడుచున్నది. ఆ తీర్పు ఎంతవరకు న్యాయమైనదో విచారించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

మన కళాశాలకు మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి వైపు నుండి బస్సులెక్కి వచ్చే విద్యార్థులు ఉన్నారు. వారిలో చాలామందికి ఇంటివద్ద కంప్యూటరు లేదు. ప్రయోగశాలలో గడిపే ఆ ఒక్క గంటయే వారికి కంప్యూటరుతో గల పరిచయం. ఆ గంటలో ఎంతో భాగం యంత్రం మేల్కొనుటకే ఖర్చయినచో, మిగిలినదానిలో వారు నేర్చుకొనేది ఏమున్నది? కాబట్టి ఇది కేవలం యంత్రాల సమస్య కాదు, విద్యార్థుల కాలానికి సంబంధించిన సమస్య.

యంత్రం ఎందుకు మందగించును? ఈ సంగతి తెలియుటకు పలాసలోని జీడి పరిశ్రమను తలచుకొనిన చాలును. పప్పు ఒలిచే కార్మికురాలి చేతులు ఎంత చురుకైనవైనా, ఆమె ముందున్న బల్ల చిన్నదైతే కొద్ది పిక్కలే పడతాయి. అవి అయిపోగానే ఆమె లేచి గోదాముకు పోయి మరికొన్ని తెచ్చుకోవలెను. పగలంతా నడకతోనే సరిపోవును. కంప్యూటరులో ప్రాసెసరు ఆ చేతులవంటిది, ర్యామ్ అనబడే మెమొరీ ఆ బల్లవంటిది, హార్డ్ డిస్కు ఆ గోదామువంటిది. మెమొరీ చాలనప్పుడు యంత్రం మాటిమాటికి డిస్కు వద్దకు పరుగెత్తుచుండును. చేతులలో దోషం లేకున్నను పని సాగదు. మన పాత యంత్రాలలో అధికభాగం జబ్బు ఇదియే.

గోదాము సంగతి కూడ చూడవలెను. సాధారణ హార్డ్ డిస్కులో పళ్ళెములు నిమిషానికి 5,400 లేక 7,200 సార్లు తిరుగుచుండగా, ఒక సూదివంటి చేయి వాటిపై కదలి సమాచారాన్ని వెదకును. ఒక్కొక్క వెదుకులాటకు సుమారు 10 మిల్లీసెకన్లు పట్టును. ఎస్.ఎస్.డి. అనే కొత్తరకం డిస్కులో తిరిగే భాగములే లేవు. దానికి ఒక మిల్లీసెకనులో పదవవంతు కూడ అక్కరలేదు. యంత్రం మేల్కొనునప్పుడు ఇట్టి వెదుకులాటలు వేలకొలది జరుగును గనుక తేడా కంటికి కనబడును. 1956లో ఐ.బి.ఎం. వారు తెచ్చిన తొలి డిస్కు యంత్రంలో 50 పెద్ద పళ్ళెములు కలిపి 50 లక్షల అక్షరాలు మాత్రమే పట్టినవి. నేడు అరచేతిలో ఇమిడే పరికరంలో దానికి వేల రెట్లు పట్టుచున్నది. ఇంతటి సదుపాయం అందుబాటులో ఉండగా, పెట్టె పాతదైనదని మొత్తం యంత్రాన్నే తీసివేయుట వివేకమా?

ఈ మాట నేను పుస్తకం చూసి మాత్రమే చెప్పుట లేదు. నా సొంత యంత్రం నాలుగు జి.బి. మెమొరీతో, పాత హార్డ్ డిస్కుతో ఈడ్చుకొనుచున్నప్పుడు, ఒక దుకాణంలో దానిని తూకానికి ఇచ్చివేయమని సలహా చెప్పినారు. నేను అంగీకరింపక డిస్కు మార్చి, మెమొరీని ఎనిమిది జి.బి.కి పెంచితిని. అదే యంత్రంపై ఈ వ్యాసం వ్రాయుచున్నాను.

అయితే తొందరపాటు తగదు. గంతకు తగ్గ బొంత అన్నట్లు, యంత్రానికి తగిన మెమొరీనే ఎంచుకోవలెను. డి.డి.ఆర్.3 రకం మెమొరీ డి.డి.ఆర్.4 యంత్రంలో కూర్చుండదు. వాటి గంట్లు వేరు, అవి కోరే విద్యుత్తు వేరు. బల్లపై ఉంచే కంప్యూటరుకు పొడవైన పలక, ల్యాప్‌టాపునకు పొట్టి పలక కావలెను. కొన్ని ల్యాప్‌టాపులలో మెమొరీని బోర్డుకే అతికించియుందురు గనుక మార్చుటకు వీలుండదు. 32 బిట్ల విండోస్ ఉన్న యంత్రంలో నాలుగు జి.బి.కి మించి వేసినను సామాన్యంగా ప్రయోజనం ఉండదు. తెరిచే ముందు విద్యుత్తు తీగ ఊడదీసి, లోహాన్ని తాకి, ఒంటిలోని స్థిర విద్యుత్తును పోగొట్టుకోవలెను. మన తీరంలో ఉప్పుగాలి, దుమ్ము రెండును ఎక్కువే. కొన్నిసార్లు కొత్త మెమొరీ అక్కరలేకయే, పాత పలక అంచులను రబ్బరుతో మెల్లగా తుడిచి తిరిగి అమర్చిన మాత్రాన యంత్రం కోలుకొనుట కలదు.

ఎదుటివారి వాదమును కూడ వినవలెను. "ఎంత మరమ్మతు చేసినను పాతది పాతదే గదా" అందురు. ఇందులో కొంత సత్యం లేకపోలేదు. విండోస్ 10కు సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 మొదలగు నిబంధనలు ఉన్నవి. మెమొరీ ఎంత పెంచినను ఆ నిబంధనలు తీరవు. కాని దీనికి లినక్స్ ఒక దారి చూపుచున్నది. అది ఉచితంగా లభించును, పాత యంత్రాలపై కూడ చక్కగా నడచును. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు తెలుగులో పనిచేసే లినక్స్ రూపాన్ని కూడ తెచ్చినారు. ఇక ధరల విషయం. కృత్రిమ మేధ కోసం నెలకొల్పే పెద్ద కేంద్రాలు మెమొరీని విస్తారంగా కొనుటచే 2025 చివరి నెలలలో దాని ధర బాగా పెరిగినది. కావున పూర్తిగా చెడిపోయిన యంత్రాల నుండి మంచి పలకలను ఊడదీసి, పనిచేసే యంత్రాలకు అమర్చుట ఉత్తమం. ఇందుకు ఖర్చు లేదు, విద్యార్థులకు అదియే ఒక పాఠం.

ఇంతకన్న ముఖ్యమైన విషయం మరొకటి కలదు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపాన తీరం దాటినది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలినవి. ఎన్నో గ్రామాలు రోజుల తరబడి చీకటిలో మగ్గినవి. ఏండ్లు పెంచిన చెట్టు ఒక్క రాత్రిలో పోవునని ఈ ప్రాంతంవారికి వేరుగా చెప్పనక్కరలేదు. డిస్కులో దాచిన సమాచారం కూడ అట్టిదే. ఎస్.ఎస్.డి. అయినను ముందు హెచ్చరిక లేకయే ఒకనాడు మూగబోవచ్చును. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, ఒకటి దూరపు ఊరిలో ఉంచుట మంచి పద్ధతి. ఆ దూరపు ఊరు టెక్కలి అయిన చాలదు. పలాసను తాకిన తుఫాను టెక్కలిని విడువదు. విశాఖపట్నం వంటి చోట ఉంచుట మేలు.

మన సంచికనే ఉదాహరణగా తీసుకొందము. ఇందులో తెలుగు పుటలు ఎడమ నుండి కుడికి, ఉర్దూ పుటలు కుడి నుండి ఎడమకు సాగును. కంప్యూటరుపై కూర్చిన పాత సంచికలలో తెలుగు పుటలు అను ఫాంట్లలోను, ఉర్దూ పుటలు ఇన్‌పేజ్‌లోను ఉన్నచో, ఆ సాధనాలు లేని కొత్త యంత్రంపై అవి అర్థంలేని గుర్తులుగా కనబడును. పాత యంత్రాన్ని ఆలోచన లేక పారవేసినచో వాటిని చదివే తాళపుచెవిని కూడ పారవేసినవారమగుదుము. ముందుగా వాటిని యూనికోడునకు మార్చి, ప్రతులు తీసి, ఆ తరువాతనే డిస్కులను కదపవలెను.

కావున కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఇది. ప్రతి యంత్రాన్ని ముందు పరీక్షింపుడు. మెమొరీ నిండిపోవుచున్నదా, లేక డిస్కే ఆలస్యం చేయుచున్నదా తెలిసికొని, అవసరమైన దానినే కొనుడు. రెండింటికి సొమ్ము చాలనిచో సామాన్యంగా డిస్కుకే మొదటి స్థానమిండు. నిజముగా ప్రాణం పోయినవాటిని మాత్రం, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనల ప్రకారం, గుర్తింపు పొందిన సంస్థలకే అప్పగింపుడు. తూకానికి అమ్మినచో వాటిలోని సీసం ఎక్కడో మన నేలలోనే కలియును. మంచినీటి విలువ ఉద్దానానికి తెలిసినంతగా మరెవరికి తెలియును?

విద్యార్థి మిత్రులారా! యంత్రాన్ని కొనుటకు సొమ్ము కావలెను. దానిని విప్పి, జబ్బు కనుగొని, బాగుచేయుటకు జ్ఞానం కావలెను. మొదటిది మన చేతిలో లేకపోవచ్చును. రెండవది సంపాదించుటకే గదా మనము ఈ కళాశాలకు వచ్చినది!