సగం దాటని నాబ్‌కు ఇన్ని వేలా?

గిటారు యాంపు కొనబోయే కోలారు కుర్రాడి కోసం ఇద్దరు మనుషులు దారికాస్తారు. ఒకడు కొట్టువాడు: "ఎన్ని వాట్లు కావాలి సార్?" అంటాడు. రెండోవాడు స్వయంగా వెలసిన నిపుణుడు: "వాల్వు యాంపు కాకపోతే టోనే లేదు తమ్ముడూ, అందులోనూ ఫలానా విదేశీ కంపెనీదే కొను" అంటాడు. ఇద్దరూ కలిసి వాడి జేబు దులిపేస్తారు. పెట్టె ఇంటికొస్తుంది. వాల్యూము నాబ్ రెండు దగ్గర ఆగిపోతుంది, మళ్ళీ కదలదు. మా కోలారు జిల్లా బేతమంగళలో ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. కేజీఎఫ్ బంగారు గనుల కార్మికుల లైన్ల ఇళ్ళలో పక్కింటి కుక్కరు ఎన్ని విజిళ్ళు వేసిందో మనమే లెక్కపెట్టొచ్చు. అక్కడ 15 వాట్ల వాల్వు యాంపు నాబ్‌ను రోజూ సగం దాటించే మొనగాణ్ణి చూపించండి, ఈ వ్యాసం నేనే చించేస్తాను.

నేను చెప్పేది ఒక్కటే. చిన్న వాల్వు యాంపుకు డబ్బు పెట్టాల్సింది మూడింటికే: నువ్వు ఉండేచోట నిండుగా తెరవగలిగే పవరు, బరువైన ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు, మంచి స్పీకరు. నేమ్‌ప్లేటుకూ వాట్ల అంకెకూ పెట్టే ప్రతి రూపాయీ దండగే.

ఎందుకంటారా? జనం పడిచచ్చే ఆ బొంగురు తీపి, చివర స్పీకరును నడిపే పవర్ వాల్వు నిండుగా పనిచేసినప్పుడే పుడుతుంది. గట్టిగా మీటితే శబ్దం కొంచెం నలిగి గరగరలాడుతుంది, మెత్తగా మీటితే మళ్ళీ తేటపడుతుంది. నాబ్ రెండు దగ్గరుంటే పవర్ వాల్వు నిద్రపోతూ ఉంటుంది. అప్పుడు నువ్వు వింటున్నది ముందున్న ప్రీయాంపునే. ఆ మాత్రం దానికి పెద్ద యాంపు ఎందుకు కొన్నట్టు?

పోనీ వాట్లు పెరిగితే మోత అయినా పెరుగుతుందా అంటే, అక్కడా మోసమే. పవరు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి మోత రెట్టింపు అనిపించాలంటే పవరు సుమారు పదింతలు కావాలి. అంటే 5 వాట్ల నుంచి 15కు పోతే దక్కేది ఐదు డెసిబెల్స్‌కు లోపే. అదే స్పీకరు మారిస్తే? 92 డెసిబెల్స్ సున్నితత్వం (ఒక వాటుకు ఎంత మోత ఇస్తుందో ఆ లెక్క) ఉన్న చిన్న స్పీకరు తీసి 98 ఉన్న 12 అంగుళాలది పెడితే, ఒక్క వాటూ పెంచకుండా పవరు నాలుగింతలు చేసినంత ఫలితం. సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ స్పీకరు అంకె ఆ 98యే. ఏ కొట్టువాడైనా ఈ సంగతి చెప్పాడా? చెప్పడు. బోరుబావిలో నీళ్ళు లేవని దాచి మోటారు హార్స్‌పవర్ పొగిడే బేరం వాడిది.

ఇక పోలికలకు వద్దాం. ఫెండర్ చాంప్ పాత 5ఎఫ్1 రకం తీసుకోండి. ఒక 12ఏఎక్స్7 ప్రీయాంపు వాల్వు, ఒక 6వి6 పవర్ వాల్వు, ఒక 5వై3 రెక్టిఫయరు, 8 అంగుళాల స్పీకరు, ఒకే ఒక నాబ్. సుమారు 5 వాట్లు. ఎరిక్ క్లాప్టన్ 'లేలా' రికార్డింగుకు చాంప్ వాడాడంటే దీని సత్తా తెలుస్తుంది. ఎపిఫోన్ వాల్వ్ జూనియర్ కూడా ఆ ఐదు వాట్ల పెట్టే, కాకపోతే ఈఎల్84 పవర్ వాల్వుతో. మొదట్లో వచ్చినవాటికి హమ్ ఎక్కువన్న చెడ్డపేరుంది, కానీ లోపల సర్క్యూటు సులువు, మెకానిక్ చేతికి లొంగుతుంది. బుగేరా వి5 కూడా ఈఎల్84దే. దానికి పవరును 5 నుంచి 1కీ, 0.1 వాటుకీ దించే స్విచ్చుంది. మా లైన్ల ఇళ్ళకు పనికొచ్చే స్విచ్చు అదొక్కటే. బ్లాక్‌స్టార్ హెచ్‌టీ5 వేరే దారి: పవరుకు 12బీహెచ్7 వాల్వు, గోలగా వాయించేవాళ్ళకు కావలసినంత డిస్టార్షను. మెటల్ కుర్రాళ్ళకు అది సరే, తేట నాదం కోరేవాళ్ళకు చాంప్ దారే నయం. 2006లో వచ్చిన ఆరెంజ్ టైనీ టెర్రర్, రెండు ఈఎల్84లతో 15 వాట్లు, స్విచ్చు వేస్తే 7. అది మంచి యాంపే, డ్రమ్స్ పక్కన నిలబడుతుంది. చర్చి బ్యాండుకో పెళ్ళి ఆర్కెస్ట్రాకో వెళ్ళేవాడు కొనాలి. ఇంట్లో వాయించుకునేవాడు కొంటే పిచ్చిపని.

ధర చూసేటప్పుడు ఇంకో లెక్క మరిచిపోతారు. ఒకే పవర్ వాల్వున్న యాంపుకు జత సరిపోల్చిన వాల్వులు అక్కర్లేదు. ఈ రకాల్లో ఎక్కువ వాటికి బయాస్ (వాల్వు కరెంటు) సర్దనూ అక్కర్లేదు, పాతది పీకి కొత్తది గుచ్చడమే. ఈ రోజు గిటారు వాల్వులు వచ్చేది ముఖ్యంగా రష్యా, స్లొవేకియా, చైనా ఫ్యాక్టరీల నుంచే. 2022 మార్చిలో రష్యా ఎగుమతి ఆపిందన్న వార్త రాగానే ప్రపంచమంతా ధరలు భగ్గుమన్నాయి. నాలుగు వాల్వుల యాంపువాడు ఆ మంట నాలుగింతలు మోశాడు.

ఇప్పుడు అసలు దొంగతనం. బెంగళూరులో ఒక కొట్టులో నాకు 'వాల్వు యాంపు' చూపించారు. ముందు జాలీ వెనక నారింజ వెలుగు ధగధగలాడుతోంది. దగ్గరికెళ్ళి కళ్ళు చికిలించి చూశాను. నిజం వాల్వులో ఫిలమెంటు దగ్గర మాత్రమే సన్నటి ఎరుపు కనిపిస్తుంది, గాజంతా మామూలుగా ఉంటుంది. ఇక్కడ గాజు కిందనుంచి పైదాకా ఒకే వెలుగు. వాల్వు కింద ఎల్ఈడీ పెట్టారు! పవరు మొత్తం చిప్పుది. పవర్ వాల్వు ఏదని అడిగితే కొట్టువాడు నా మొహం చూశాడు. చిప్పు చెడ్డదని నేననడం లేదు. చిప్పును చిప్పని చెప్పి అమ్మండి, ఎవరికీ అభ్యంతరం లేదు. వాల్వు ధర పుచ్చుకుని దీపం ఇవ్వడం మాత్రం మోసమే.

ఇక నిపుణుడి దిగుమతి భక్తి చూద్దాం. ముందు ఈ నేల చేసిన పనులు వినండి. శివనసముద్రం నుంచి 1902లోనే దాదాపు 147 కిలోమీటర్లు తీగలు లాగి కేజీఎఫ్ గనులకు కరెంటు తెచ్చారు. ఆ గనుల ఊళ్ళకు నీళ్ళిచ్చింది మా బేతమంగళ పాలారు చెరువు. 1954లో పుట్టిన భారత్ ఎలక్ట్రానిక్స్ జాలహళ్ళిలో 1960లలో రేడియో వాల్వులు చేసింది. రేడియోలు బాగుచేసిన చేతులు ఈ జిల్లాలో ఎన్నో! అలాంటి చోట, పాతిక ముప్ఫై భాగాలుండే చాంప్ సర్క్యూటుకు విదేశీ ముద్ర లేకపోతే టోన్ రాదట! ట్రాన్స్‌ఫార్మరు చుట్టగలవాడు, సోల్డరింగు తెలిసినవాడు ఉంటే ఇక్కడే చేయించుకోవచ్చు. కాకపోతే తెలియనివాడు మూత తీయకూడదు. ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో 300 వోల్టుల పైచిలుకు నిలిచి ఉండొచ్చు, అది ప్రాణం తీస్తుంది. అమెరికా బావ తెచ్చిన 120 వోల్టుల పెట్టెను తిన్నగా మన 230 సాకెట్లో గుచ్చినా అంతే, బూడిదే మిగులుతుంది.

2001 ఫిబ్రవరి 28న ఆ కేజీఎఫ్ గనులు మూసేశారు. ఇప్పుడు మా పిల్లలు తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరుకు కూలికో ఉద్యోగానికో పోతారు. యాంపు డబ్బు ఆ చెమటలోంచి వచ్చేదే. కాబట్టి కొట్టువాడా, పెట్టె మీద ఇవి అచ్చువెయ్యి: పవర్ వాల్వు ఏది, స్పీకరు సున్నితత్వం ఎంత, ట్రాన్స్‌ఫార్మరు సంగతి తెలిసేలా మొత్తం బరువెంత. కొనేవాడు నాబ్‌ను చివరిదాకా తిప్పి వినేందుకు ఒక గది ఇవ్వు. ఇవ్వనన్న చోట, అబ్బాయ్, పర్సు తీయకు.