మాంసపు ఉండలకు మధ్యధరా ముద్ర

మా బావమరిదికి 66 ఏళ్లు. బ్యాంకు ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందాడు. 14 ఏళ్లుగా మధుమేహం ఉన్నది. నాలుగేళ్ల క్రితం గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. ఆ సమయంలో "ఇకమీదట ఏమి తినమంటారు బావగారూ?" అని అడిగితే, "మధ్యధరా ప్రాంతపు ఆహార పద్ధతి మంచిది, దాని మీద విశ్వసనీయమైన పరిశోధనలున్నాయి" అని ఒక్క వాక్యం చెప్పి లేచి వచ్చాను. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వాసుపత్రి ఓపీలో ఒక్కొక్క రోగికి మూడు నిమిషాలు కేటాయించిన అలవాటు అది. ఆ వాక్యం ఎంత అనర్థానికి దారి తీసిందో మొన్న సంక్రాంతికి వారింట పది రోజులుండి కళ్లారా చూశాను. ఆ అపరాధంలో నా వాటా నాకున్నది కనుకనే ఈ వ్యాసం.

వారింట వారానికి మూడు రాత్రులు "గ్రీకు భోజనం". కోడలు శ్రద్ధ గల అమ్మాయి. వీడియోలు చూసి నేర్చుకున్నది. వేటమాంసం కైమాలో ఉల్లిపాయ, పుదీనా, గుడ్డు, నానబెట్టి పిండిన రొట్టె ముక్క కలిపి ఉండలు చుట్టి నూనెలో వేయిస్తుంది. టమాటా గుజ్జులో ఉడికించిన పాస్తా మీద వాటిని పేర్చి, పైన ఫెటా జున్ను చిదిమి, ఆలివ్ నూనె ధారగా పోస్తుంది. రుచి అమోఘం. నేనూ రెండుసార్లు వడ్డించుకున్నాను, దాచడమెందుకు. కాని మా బావమరిది మూడు నెలల సగటు చక్కెర, అంటే హెచ్‌బిఎ1సి, 7.2 నుండి 8.4కు పెరిగింది. కాగితం నా చేతికిచ్చి అతడన్న మాట ఇది: "మీరు చెప్పిన భోజనమే కదా బావగారూ తింటున్నది!"

నేను చెప్పిన భోజనం అది కాదు. కాని నేనేమి చెప్పానో కూడా నేను చెప్పలేదు.

మధ్యధరా ఆహారానికి ప్రపంచ ఖ్యాతి తెచ్చినవాడు అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్. 1958లో ప్రారంభమైన ఆయన ఏడు దేశాల అధ్యయనంలో గుండెపోటు మరణాలు అతి తక్కువగా కనిపించినది గ్రీసులోని క్రీట్ ద్వీపపు గ్రామీణులలో. దేశాల ఎంపిక మీద తరువాతి వారు చేసిన విమర్శలలో సబబైనవి ఉన్నాయి. అది వేరే చర్చ. ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒక్కటే. ఆ క్రీట్ రైతులు ఏమి తిన్నారు? ముతక రొట్టె, చిక్కుడు జాతి గింజలు, ఆకుకూరలు, పండ్లు, ఆలివ్ నూనె, కొద్దిగా జున్ను, కొద్దిగా చేప. మాంసం అరుదు. అంతకు పదేళ్ల ముందు, 1948లో, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ అదే ద్వీపంలో చేయించిన సర్వేలో అక్కడి ప్రజలు తమ తిండి గురించి చెప్పుకున్న పెద్ద కొరత ఏమిటో తెలుసునా? మాంసం చాలడం లేదని! ఏది వారికి లోటుగా తోచిందో దానినే మనం పళ్లెం నడుమ గోపురంలా పేర్చి, వారి పేరే పెట్టుకుని తింటున్నాము.

ఇంకొక విచిత్రం. గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవ సంప్రదాయంలో ఉపవాస నియమం గల రోజులు ఏడాదిలో దాదాపు సగం. ఈస్టరుకు ముందు దీర్ఘ ఉపవాసం, క్రిస్మస్‌కు ముందు 40 రోజులు, ఆగస్టు మొదటి పక్షం, ఇవి గాక ఏడాదిలో దాదాపు ప్రతి బుధవారం, శుక్రవారం. ఆ రోజులలో మాంసం, పాలు, గుడ్లు నిషిద్ధం. మా బావమరిది ఇంట గ్రీకు మాంసపు ఉండలు వండే రాత్రులు ఆదివారం, బుధవారం, శుక్రవారం. పాత కాలపు గ్రీకు అవ్వ ఎవరైనా చూస్తే ముక్కున వేలు వేసుకునేది.

ఈ వంటకాన్ని పరాయిదని ఈసడించేవారికీ ఒక మాట చెప్పాలి. అదే భోజనాల బల్ల దగ్గర మరొక పెద్దమనిషి, "ఈ విదేశీ తిండే కొంప ముంచింది, హాయిగా అన్నం తింటే ఈ బాధ లేకపోయేది" అని తీర్పు చెప్పాడు. ఆయన కంచంలో ఆ మధ్యాహ్నం నేను లెక్కపెట్టిన అన్నం నాలుగు గరిటెలు, ఆయన చక్కెర మా బావమరిది కంటే ఎక్కువ. పైగా ఈ వంటకం మనకు అంత పరాయిదేమీ కాదు. గ్రీకులు ఈ ఉండలను కెఫ్తేదెస్ అంటారు. మన కోఫ్తా, ఆ మాటా ఒకే పారశీక మూలం నుండి వచ్చిన తోబుట్టువులు. వారు కైమాను కిమాస్ అంటారు. అదీ, మన కైమా కూడా తురకీ భాష నుండి వచ్చినవే. 1922లో స్మిర్నా నగరం తగలబడినపుడు గ్రీసుకు చేరిన కాందిశీకులు తమతో తెచ్చుకున్న సుజుకాకియా అనే కోల ఉండలలో అసలు ఘుమఘుమ వెల్లుల్లిది, జీలకర్రది. మన పోపుల డబ్బా వారికీ తెలుసు. పాస్తా కూడా పాపిష్ఠిది కాదు. గట్టి గోధుమ రవ్వతో చేసిన పాస్తాను కొరికితే కాస్త పంటికి తగిలేలా ఉడికిస్తే, అది పాలిష్ పట్టిన బియ్యపు అన్నం కంటే నెమ్మదిగానే రక్తంలో చక్కెర పెంచుతుంది. మెత్తగా, జావగా ఉడికిస్తే ఆ మేలు తగ్గిపోతుంది.

అయితే దోషం ఎక్కడున్నది? కొలతలో ఉన్నది. వంటింటి తూకం తెప్పించి ఒక రాత్రి మా బావమరిది కంచాన్ని లెక్కగట్టాను. పొడి పాస్తా 150 గ్రాములు: అంటే దాదాపు 110 గ్రాముల పిండిపదార్థం, ఒక్క పూటకు. పచ్చి కైమా 200 గ్రాములు. వండితే నాలుగో వంతు తగ్గుతుందనుకున్నా, మూడు రాత్రులకు 450 గ్రాములు. ఎర్ర మాంసం వారానికి వండిన తూకంలో 350 నుండి 500 గ్రాములకు మించరాదని ప్రపంచ క్యాన్సర్ పరిశోధన నిధి సలహా. మూడు రాత్రులలోనే ఆ గట్టు చేరుకుంటున్నాడు. ఆదివారం మధ్యాహ్నపు మాంసం కూర అదనం. పైన పోసుకున్న ఆలివ్ నూనె మూడు పెద్ద చెంచాలు, సుమారు 40 గ్రాములు, 360 కెలోరీలు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రెండు వేల కెలోరీల భోజనానికి రోజు మొత్తం మీద సూచించే నూనె 27 గ్రాములు. ఉండలు వేయించిన నూనె నేను లెక్కలో వేయనే లేదు.

"క్రీట్ వారు నూనె తెగ వాడారట కదా" అని అతడు వాదించాడు. వాడారు, వారి కెలోరీలలో దాదాపు 40 శాతం కొవ్వు నుండే వచ్చేది. కాని వారు కొండ వాలులలో ఆలివ్ తోటలు తవ్వేవారు, గాడిదల వెంట మైళ్లు నడిచేవారు. మా బావమరిది సాయంకాలపు నడక అపార్ట్‌మెంటు లిఫ్టు దాకా. ఆలివ్ నూనె మంచిదే. స్పెయిన్‌లో ఏడు వేల మందికి పైగా జనం మీద జరిగిన ప్రెడిమెడ్ అధ్యయనం, 2013లో వెలువడి, నిర్వహణ లోపాల వల్ల ఉపసంహరించబడి, 2018లో సరిదిద్దబడి మళ్లీ అచ్చయినది, ఆ మాటనే చెప్పింది. అయితే ఆ అధ్యయనంలో పాల్గొన్నవారికి ఎర్ర మాంసం తగ్గించమని కూడా చెప్పారు. సలహాలో నోటికి నచ్చిన సగం పుచ్చుకుని, తక్కిన సగం విడిచిపెడితే దానిని పథ్యమనరు.

ఇక ఉప్పు. ఫెటాను ఉప్పునీటిలోనే ఊరబెడతారు. 100 గ్రాములలో సుమారు రెండున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు అయిదు గ్రాముల లోపు ఉండమంటున్నది. పాస్తా ఉడికే నీటిలో ఉప్పు, ఉండలలో ఉప్పు, సాసులో రుచి బిళ్ల, పైన ఫెటా! రక్తపోటు మాత్రలు మింగే మనిషికి ఇది పిలిచి పెట్టుకున్న ఉపద్రవం.

ఆ పళ్లెంలో లేనిదేమిటో చూస్తే నాకు మరీ కోపం వచ్చింది. గ్రీకు గ్రామాలలో ఆకుకూరలు ఉడికించి నిమ్మరసం, ఆలివ్ నూనె కలిపి తింటారు, హోర్తా అంటారు. వేసవిలో వారు అలా తినే వ్లీతా ఏమిటో కాదు, మన తోటకూర జాతిదే. వారు గ్లిస్త్రీదా అని పెరుగులోను, సలాడ్‌లోను కలుపుకునేది మన గంగవాయిలి కూర, ఆకుకూరలలో అరుదైన ఒమేగా-3 కొవ్వు బాగా కలిగినది. అది మా బావమరిది ఇంటి ప్రహరీ పక్కనే ఉచితంగా మొలుస్తున్నది. దానిని పీకి పారేసి, వేల మైళ్ల నుండి సీసాలో వచ్చిన నూనె కొంటున్నారు. మాంసం లేని ఉండలూ గ్రీసులో ఉన్నాయి. సీఫ్నోస్ ద్వీపంలో శనగలతో, శాంతోరినిలో టమాటాలతో చేస్తారు. శనగల ఉండ మన మసాలా వడకు దూరపు చుట్టమే. మనం ఆ దేశం నుండి పండుగ వంట తెచ్చుకున్నాము, నిత్యపు వంట అక్కడే వదిలేశాము.

మీ ఇంట ఈ భోజనం వండవద్దని నేననను. వారానికి ఒకసారి వండండి. మనిషికి పొడి పాస్తా 60 గ్రాములు, కైమా 80 గ్రాములు. అందులో నాలుగో వంతు ఉడికించిన మసూర్ పప్పు కలిపితే ఉండ మెత్తగా వస్తుంది, పిల్లలు కనిపెట్టలేరు. పుదీనా, ఉల్లి తురుము, వెల్లుల్లి, జీలకర్ర, ఒక చెంచా వెనిగర్. ఒరెగానో దొరకకపోతే చిటికెడు వాము వేయండి, గ్రీకులు కోప్పడరు. నూనెలో ముంచి వేయించక, పెనం మీద రెండు చెంచాల నూనెతో అన్ని వైపులా ఎర్రబరచి, టమాటా సాసులో మూతపెట్టి ఉడికించండి. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. ముందు అవి తినండి. ఫెటా వేస్తే వంటలో ఉప్పు వేయకండి.

ఒక్క విషయంలో మాత్రం నేను రాజీపడను. కైమా లోపలి దాకా ఉడికి తీరాలి. మాంసపు ముక్క మీద క్రిములు పైపైన ఉంటాయి. కైమా కొట్టినపుడు అవే లోపలికి చేరుతాయి. 1993లో అమెరికాలో సరిగా ఉడకని గొడ్డుమాంసపు కైమా తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు మరణించారు; కారణం ఇ.కోలై ఒ157 అనే క్రిమి, అది కొందరు పిల్లల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మేకలు, గొర్రెలు కూడా దానిని మోసే జంతువులే. ఉండ మధ్య ఉష్ణోగ్రత 71 డిగ్రీల సెల్సియస్ చేరాలి, కోడి కైమా అయితే 74. రంగు చూసి నమ్మరాదు. ఉష్ణమాపకం లేనివారు ఉండలను పెద్ద ఉసిరికాయకు మించకుండా చుట్టి, సాసులో 25 నిమిషాలు కుతకుత ఉడికించండి. ఉప్పు సరిపోయిందా అని పచ్చి కైమాను నాలుకకు తాకించే అలవాటు చాలామందిలో చూశాను. మానండి, చిన్న ముక్క కాల్చి రుచి చూడండి.

ఇన్సులిన్ గాని, చక్కెరను గట్టిగా దించే మాత్రలు గాని వాడేవారు పిండిపదార్థం ఒక్కసారిగా సగానికి తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ముందు మీ వైద్యునితో మాట్లాడి మోతాదు సరిచేయించుకోండి. మా బావమరిదిని నేనే వెంటబెట్టుకుని తీసుకువెళ్లాను. ఈసారి ఆ వైద్యుని ముందు కూర్చుని, ఏమి తినాలో అరగంట సేపు కాగితం మీద రాయించాను. బయట వరుసలో ఉన్నవారు విసుక్కున్నారు.

నిన్న ఫోను చేశాడు. శుక్రవారం రాత్రి కోడలు శనగలతో ఉండలు చేసి, గంగవాయిలి కూర పెరుగులో కలిపిందట. కైమా లేని కోఫ్తా ఏమిటని మనవడు అలిగి లేచిపోయాడట. ఆదివారం దాకా ఆగమని వాడికి చెప్పమన్నాను.